రెండు చిట్టాల ఓడలు

సముద్రం ఎవరి సొత్తు? – 7వ భాగం

కిందటి భాగాన్ని గ్రీకు ఓడల ఆసామి అరిస్టాటిల్ ఒనాసిస్ దగ్గర ఆపాం. చమురు ట్యాంకరును తిమింగలాల వేట ఓడగా మార్పించి, దానికి ‘ఒలింపిక్ చాలెంజర్’ అని పేరు పెట్టి, పనామా జెండా కట్టి, జర్మన్ నావికులతో దక్షిణ సముద్రాల మీదికి తోలిన కథ అది. 1954లో పెరూ నౌకాదళం ఆ ఓడను పట్టుకుంది. 1956లో నార్వే వేట పరిశ్రమ పత్రిక, ఆ ఓడలో పనిచేసినవాళ్ల వాంగ్మూలాలతో సహా దాని దొంగ వేటను అచ్చువేసింది. ఒనాసిస్ తన వేట నౌకలన్నిటినీ జపాన్ కంపెనీకి అమ్మేసి ఆ వ్యాపారం నుంచి తప్పుకున్నాడు.

అప్పట్లో చాలామంది హమ్మయ్య అనుకున్నారు. దొంగ దొరికాడు, ఇక మిగిలినవాళ్లంతా ఒప్పందం మీద సంతకాలు పెట్టిన మర్యాదస్తులే అన్న ధీమా. అయితే ఒనాసిస్ చేసినదానికి ఎన్నో రెట్లు పెద్ద దొంగ వేట అదే సముద్రంలో, అదే ఏళ్లలో నడుస్తోంది. చేస్తున్నది ఒప్పందంలో ఉన్న దేశమే. ఏటా సమావేశాలకు వచ్చి, లెక్కలు సమర్పించి, తీర్మానాలకు ఓటేసి వెళ్లేది. ఆ సంగతి లోకానికి తెలియడానికి దాదాపు నలభై ఐదేళ్లు పట్టింది.

చట్టం పక్కాగానే ఉంది

1946 డిసెంబరు 2న వాషింగ్టన్‌లో 15 దేశాలు తిమింగలాల వేట నియంత్రణ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. అంతర్జాతీయ తిమింగలాల వేట సంఘం పుట్టింది అందులోంచే. రెండో ప్రపంచ యుద్ధం అప్పుడే ముగిసింది. యూరప్‌లో కొవ్వు పదార్థాలకు కటకట. తిమింగలం నూనెను గడ్డకట్టిస్తే వనస్పతిలాంటి మార్గరిన్ అవుతుంది, సబ్బు అవుతుంది. కాబట్టి వేట ఆపాలని ఎవరూ అనలేదు. వేట పది కాలాలపాటు సాగాలంటే హద్దులుండాలన్నారు, అంతే.

ఆ హద్దులు చాలా వివరంగా రాసుకున్నారు. అంటార్కిటికాలో నీలి తిమింగలం 70 అడుగులకు తగ్గితే కొట్టకూడదు. హంప్‌బ్యాక్‌కు 35 అడుగులు. పాలిచ్చే తల్లి జోలికి, పిల్ల జోలికి పోకూడదు. అప్పటికే అంతరించే దశకొచ్చిన రైట్ తిమింగలాలను అసలే ముట్టకూడదు. దక్షిణాన 40 డిగ్రీల అక్షాంశం దాటి ఉత్తరానికి, అంటే వెచ్చని నీళ్లలోకి, తిమింగలాన్ని సముద్రం మీదే కోసి నూనె తీసే ఫ్యాక్టరీ ఓడలు వచ్చి, నీలి, ఫిన్, హంప్‌బ్యాక్‌లాంటి బలీన్ తిమింగలాలను వేటాడకూడదు. అవి పిల్లల్ని కనేది అక్కడే.

అంటార్కిటికా మొత్తానికి ఒక పరిమితి పెట్టారు. కొలమానం ‘నీలి తిమింగలం యూనిట్’. ఒక నీలి తిమింగలం ఒక యూనిట్. రెండు ఫిన్ తిమింగలాలు, లేదా రెండున్నర హంప్‌బ్యాక్‌లు, లేదా ఆరు సేయి తిమింగలాలు కలిస్తే ఒక యూనిట్. ఏడాదికి 16 వేల యూనిట్లు. ఏ దేశం వాటా ఎంతో మొదట్లో తేల్చలేదు. సీజన్ మొదలైందంటే అందరూ ఒక్కసారిగా దూకేవాళ్లు. ఎవరెన్ని కొట్టారో వారానికోసారి నార్వేలోని శాండెఫియోర్డ్ పట్నంలో ఉన్న గణాంకాల కార్యాలయానికి తంతి కొట్టాలి. అక్కడి గుమాస్తాలు కూడికలు వేసి, 16 వేలు ఏ రోజుకు నిండుతాయో అంచనా కట్టి, ఫలానా అర్ధరాత్రితో వేట బందు అని సముద్రం మీది ఓడలన్నిటికీ తెలియజేసేవాళ్లు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇక ఓడ మీద లెక్క సరిగ్గా రాస్తున్నారో లేదో చూసేదెవరు? ప్రతి ఫ్యాక్టరీ ఓడలోనూ ఇద్దరు తనిఖీ అధికారులుండాలని ఒప్పందంలో రాశారు. రాత్రింబవళ్లు వంతులవారీగా డెక్కు మీద కాపలా. కానీ ఆ ఇద్దరినీ నియమించేది, జీతమిచ్చేది ఓడ ఏ దేశానిదో ఆ దేశపు ప్రభుత్వమే. పైదేశం మనిషి ఎవరూ ఆ డెక్కు ఎక్కనక్కర్లేదు. ఈ కథ మొత్తం ఆ ఒక్క సందులోంచి దూరింది.

ఒడెస్సా వీరులు

దొంగ వేట చేసిన ఆ దేశం సోవియట్ యూనియన్. అంటార్కిటికా వేటలో దానికి అనుభవం లేదు. యుద్ధంలో ఓడిన జర్మనీ ఓడల పంపకాల్లో ‘వికింగర్’ అనే ఫ్యాక్టరీ ఓడ వాళ్ల వాటాకు వచ్చింది. దానికి ‘స్లావా’ అని పేరు మార్చి 1946–47 సీజన్‌లో అంటార్కిటికాకు పంపారు. హార్పూన్ ఫిరంగి పేల్చడం నేర్పడానికి మొదట్లో నార్వే గన్నర్లను కూలికి పెట్టుకున్నారు. కొద్ది ఏళ్లలోనే వాళ్ల అవసరం తీరిపోయింది.

స్లావాకు సొంత రేవు నల్ల సముద్రం ఒడ్డున ఉన్న ఒడెస్సా. దాని కెప్టెన్ అలెక్సీ సొల్యానిక్ కొన్నాళ్లకే దేశమంతా తెలిసిన మనిషయ్యాడు. ‘సోషలిస్టు శ్రమ వీరుడు’ బిరుదు ఇచ్చారు. ఏడెనిమిది నెలలు సముద్రం మీద గడిపి నౌకలు తిరిగొస్తే ఊరు ఊరంతా రేవుకు తరలేది. బ్యాండు మేళాలు, పూలగుత్తులు, నాయకుల ఉపన్యాసాలు. తిమింగలాల వేటగాళ్ల కథతో దునయెవ్‌స్కీ సంగీతం కట్టిన ‘తెల్ల అకేషియా’ అనే సంగీత నాటకం 1955లో రంగస్థలానికెక్కింది. అందులోని పాటే ఆ తర్వాత ఒడెస్సా నగర గీతమైంది.

ఆ ఉద్యోగం కోసం ఎగబడేవాళ్లు. జీతం మామూలు కార్మికుడి జీతానికి ఎన్నో రెట్లు. దారిలో ఓడ ఆగిన పరాయి రేవుల్లో సోవియట్ పౌరుడు కలలో కూడా చూడని సరుకు కొనుక్కోవచ్చు. వేటగాడి ఇంట్లో విదేశీ బట్టలు, తివాచీలు ఉంటాయని ఒడెస్సాలో అందరికీ తెలుసు. పిల్లనిచ్చేవాళ్లకు అంతకంటే ఏం కావాలి?

ఓడ మీద పని మాత్రం అంత తేలిక కాదు. చిన్న వేట పడవ ముందుభాగంలో ఫిరంగి. హార్పూన్ మొనలో పేలుడు మందు. దెబ్బ తగిలి చనిపోయిన తిమింగలం మునిగిపోకుండా గొట్టంతో గాలి ఎక్కించి, గుర్తుకు జెండా గుచ్చి వదిలేసి, పడవ ఇంకోదాని వెంట పడుతుంది. తర్వాత వాటన్నిటినీ లాక్కొచ్చి ఫ్యాక్టరీ ఓడకు అప్పగిస్తారు. ఓడ వెనక భాగంలో నీళ్లలోకి దిగే ఏటవాలు దారి ఉంటుంది. ఉక్కు తాళ్లతో వించి యంత్రాలు ఆ కొండలాంటి దేహాన్ని డెక్కు మీదికి లాగుతాయి. అడుగున మేకులు కొట్టిన బూట్లు తొడుక్కుని, పొడవాటి కర్రలకు బిగించిన వంపు కత్తులతో మనుషులు దాని మీదికెక్కుతారు. తోలూ కొవ్వూ పట్టీలుగా చీలుస్తారు. కాళ్ల కింద నెత్తురూ నూనే కలిసి మంచులో జారుతుంటాయి. డెక్కులో అక్కడక్కడా ఉన్న గుండ్రటి రంధ్రాల్లోంచి ముక్కల్ని కిందకు తోస్తే అవి నేరుగా మరిగే బాయిలర్లలో పడతాయి.

ఆ సందడిలోనే ఒక మూల ఓ జీవశాస్త్రవేత్త టేపు పట్టుకుని నిలబడి ఉంటాడు. పొడవు కొలుస్తాడు, ఆడా మగా చూస్తాడు, కడుపులో పిల్ల ఉంటే రాసుకుంటాడు. ఒక్కో తిమింగలానికి ఒక్కో కార్డు. ఆ కార్డులో రాసేది నిజం. మాస్కోకు చేరేదీ నిజమే. అక్కడినుంచి శాండెఫియోర్డ్‌కు వెళ్లేది వేరే లెక్క.

ప్రణాళిక పూర్తి కావాలి

రెండో నంబరు చిట్టా పెట్టినవాడికి ఎక్కడైనా లాభం మీద కన్నుంటుంది. ఒనాసిస్ అందుకే పెట్టాడు. ఇక్కడి సంగతి విచిత్రంగా ఉంటుంది. సోవియట్ జనం తిమింగలం మాంసం ఎగబడి తిన్నది లేదు. మార్గరిన్‌కు వేరే నూనెలున్నాయి. ఎత్తిన దేహాల్లో చాలావాటి నుంచి కొవ్వు మాత్రం ఒలుచుకుని మిగతాది సముద్రంలోకి తోసేసిన సందర్భాలు కోకొల్లలు. తిమింగలంలో మూడో వంతు కూడా వాడుకోలేదని అక్కడి శాస్త్రవేత్తే తర్వాత రాశాడు.

మరి అంత చంపడమెందుకు? జవాబు ప్రణాళికలో ఉంది. మత్స్య పరిశ్రమ శాఖ ఏటా లక్ష్యం పెట్టేది. లక్ష్యం కొలత మొత్తం టన్నులు. ఎంత అమ్ముడైంది, ఎంత లాభం వచ్చింది అన్న ప్రశ్నే లేదు. లక్ష్యం చేరితే జీతానికి తోడు భారీ బోనసు. దాటితే ఇంకా పెద్ద బోనసు, పతకాలు, పత్రికల్లో ఫోటోలు. తప్పితే కెప్టెన్ కుర్చీకి ఎసరు. పైగా ఈ ఏడాది సాధించినదానికి కొంత కలిపి వచ్చే ఏటి లక్ష్యంగా పెడతారు. సముద్రంలో తిమింగలాలు ఏటా తగ్గుతున్నాయి, కాగితం మీద లక్ష్యం ఏటా పెరుగుతోంది. ఈ రెంటి మధ్యా ఇరుక్కున్న కెప్టెన్‌కు ఎదురుపడ్డదాన్నల్లా కొట్టడం తప్ప దారి లేదు. తల్లీ పిల్లా, పొట్టీ పొడుగూ, నిషేధం ఉన్నదీ లేనిదీ చూసుకునే తీరిక ఎక్కడిది?

ఇలాగే సాగితే మనవళ్ల కాలానికి తిమింగలమన్నదే మిగలదని ఒక శాస్త్రవేత్త మత్స్య శాఖ మంత్రి అలెక్సాందర్ ఇష్కోవ్‌తో మొరపెట్టుకున్నాడట. నన్ను ఈ పదవిలోంచి దించేది నీ మనవళ్లు కాదుగదా అన్నాడట మంత్రి. వేటగాళ్లలోనూ శాస్త్రవేత్తల్లోనూ ఆ మాట చాలాకాలం నలిగింది.

స్లావా ఒక్కటే ఉన్నప్పుడు దొంగ వేట కొంతలో కొంత. 1959లో ‘సొవియత్‌స్కాయా ఉక్రయినా’ నీళ్లలోకి దిగింది. రెండు ఫుట్‌బాల్ మైదానాలను వరసగా పరిచినంత పొడవు. ప్రపంచంలో అంత పెద్ద తిమింగలాల ఫ్యాక్టరీ ఓడ అంతకుముందు లేదు. 1960లో ‘యూరీ దొల్గొరూకీ’, 1961లో ‘సొవియత్‌స్కాయా రస్సీయా’ వచ్చి చేరాయి. మిగతా దేశాలు వేట తగ్గించుకోవాలా అని మాట్లాడుకుంటున్న రోజుల్లో కొత్త ఓడలు దింపారు. ఓడ కట్టాక దానికి లక్ష్యం పెట్టాలి. లక్ష్యం పెట్టాక వేట కావాలి.

హంప్‌బ్యాక్‌లు ఏమయ్యాయి?

1959–60, 1960–61. ఈ రెండు సీజన్లే ఈ కథకు గుండెకాయ. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాలకు దక్షిణంగా, అంటార్కిటికా అంచున, వేసవిలో హంప్‌బ్యాక్ తిమింగలాలు మేతకు గుంపులు కడతాయి. అక్కడికి సోవియట్ నౌకలు చేరాయి. ఆ రెండు సీజన్లలో చంపినవి సుమారు 25 వేలు. అంతర్జాతీయ సంఘానికి చెప్పిన సంఖ్య అందులో ఏ మూలకూ రాదు. యుద్ధం తర్వాతి వేట మొత్తం కాలానికి దక్షిణార్ధ గోళంలో వాళ్లు చూపిన హంప్‌బ్యాక్‌లు 2,710. నిజంగా చంపినవి 48 వేలకు పైమాటే.

తప్పుడు లెక్క రాయడంలోనూ ఓ పద్ధతి ఉండేది. చంపిన నిషిద్ధ తిమింగలాల నూనె ఎక్కడినుంచి వచ్చిందో చూపించాలి కదా. అందుకని చంపని ఫిన్ తిమింగలాలను కాగితం మీద చంపేవాళ్లు. హంప్‌బ్యాక్‌లు ఫిన్‌లయ్యేవి. 30 అడుగుల పిల్ల కాగితం మీద పెద్దదయ్యేది. పాలిచ్చే తల్లి మగదయ్యేది. వేటాడిన చోటు మారిపోయేది. దాంతో రెండు రకాల హాని జరిగింది. హంప్‌బ్యాక్‌ల చావు దాగింది సరే, ఫిన్‌లు ఇంకా సమృద్ధిగా దొరుకుతున్నాయన్న భ్రమ కూడా పుట్టింది.

ఆ చావు ఫలితం ముందుగా కనిపించింది వేల మైళ్ల అవతల, చిన్న చిన్న ఊళ్లలో. హంప్‌బ్యాక్‌లు చలికాలంలో పిల్లల్ని కనడానికి ఆస్ట్రేలియా తూర్పు తీరం వెంబడి ఉత్తరానికి ఈదుకుంటూ వెళతాయి. ఆ దారిలో క్వీన్స్‌లాండ్‌లోని టాంగలూమా దగ్గర 1952లో, న్యూసౌత్‌వేల్స్‌లోని బైరన్ బే దగ్గర 1954లో వేట కేంద్రాలు తెరిచారు. ఒడ్డునే ఉండి, కోటా ప్రకారం కొట్టి, ఒడ్డునే ఒలిచే చిన్న కర్మాగారాలవి. వాటిలోనూ అతి వేట జరిగింది, కాదనలేం. అయినా ఏడాదికింత అని లెక్కవేసుకుని నడుస్తున్న వ్యాపారం అది. 1961 వచ్చేసరికి దారి వెంట తిమింగలాలు పలచబడిపోయాయి. పడవలు రోజుల తరబడి తిరిగి ఉత్తచేతులతో వచ్చేవి. 1962లో రెండు కేంద్రాలూ మూతపడ్డాయి. న్యూజిలాండ్‌లో టోరీ జలసంధి ఒడ్డున కొన్ని తరాలుగా ఇదే వృత్తిగా బతికిన పెరానో కుటుంబం 1964లో దుకాణం కట్టేసింది. ఆ ఊళ్లవాళ్లు తమ చేతులారా చేసుకున్నదే అనుకున్నారు. అసలు కారణం తెలిసేసరికి ఆ తరం ముసలివాళ్లయిపోయారు.

శాస్త్రవేత్తలు తలలు పట్టుకున్నారు. ఆస్ట్రేలియాలో గ్రేమ్ చిటిల్‌బరో, న్యూజిలాండ్ వైపు బిల్ డాబిన్ ఏళ్ల తరబడి హంప్‌బ్యాక్‌లను లెక్కపెడుతున్నవాళ్లు. చూపిన వేటకూ, కనిపించిన తగ్గుదలకూ పొంతన లేదు. అన్నేసి వేలు ఒక్కసారిగా ఎక్కడికి పోతాయి? అనుమానం ఉత్తరాన మాస్కో వైపు వెళ్లకపోలేదు. కానీ రుజువేదీ? అంతర్జాతీయ సమావేశంలో ఒక సభ్యదేశాన్ని పట్టుకుని మీ లెక్క అబద్ధమనాలంటే చేతిలో కాగితం ఉండాలి. ఉన్న కాగితాలన్నీ ఆ దేశం ఇచ్చినవే.

ఆ కాలంలోనే సంఘం ‘ముగ్గురి కమిటీ’ని వేసింది. అమెరికా నుంచి డగ్లస్ చాప్మన్, న్యూజిలాండ్ నుంచి రాడ్వే ఆలెన్, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ నుంచి సిడ్నీ హోల్ట్. తర్వాత జాన్ గలండ్ వచ్చి చేరాడు. అంటార్కిటికా వేటతో సంబంధం లేని దేశాల, సంస్థల గణాంక నిపుణులు లెక్క తేల్చాలన్నది ఆలోచన. మంచి ఆలోచన. వాళ్లు 1963లో ఇచ్చిన నివేదిక మూలంగానే దక్షిణాన హంప్‌బ్యాక్‌ల వేట నిషేధమైంది, నీలి తిమింగలాలకు రక్షణ దొరకడం మొదలైంది. అంత సమర్థుల ముందు కూడా పెట్టినవి రెండో నంబరు లెక్కలే.

పత్రిక రాసిందీ, రాయనిదీ

1965లో సోవియట్ పాఠకులకు ఒక పెద్ద ఆశ్చర్యం ఎదురైంది. ‘కొమ్సమోల్‌స్కాయా ప్రావ్దా’లో అర్కాదీ సాఖ్నిన్ అనే రచయిత జాతీయ వీరుడు సొల్యానిక్ మీద ఘాటైన వ్యాసం రాశాడు. కెప్టెన్ నియంతలా వ్యవహరిస్తాడనీ, ఇంటివాళ్లకు ఓడలో కొలువులిచ్చాడనీ రాశాడు. మంచు సముద్రాలకు కట్టిన ఓడను ఉష్ణమండలంలోకి తోలి, ఇంజను గదుల్లో యాభై డిగ్రీలు దాటిన వేడిలో మనుషుల చేత పనిచేయించాడనీ, తట్టుకోలేక కూలిపోయారనీ రాశాడు. పెద్ద గొడవైంది. పైవాళ్లలో కొందరు సొల్యానిక్‌ను వెనకేసుకొచ్చినా చివరకు పదవి ఊడింది.

ఈ వ్యాసాన్ని ఇవాళ చదివితే ఒకటే ప్రశ్న పుడుతుంది. ఉష్ణమండలంలో ఆ ఓడకేం పని? 40 డిగ్రీలకు ఉత్తరాన ఫ్యాక్టరీ ఓడ బలీన్ తిమింగలాన్ని వేటాడడమే నిషిద్ధం. లేబరు బాధ గురించి అంత ధైర్యంగా రాయగలిగిన పత్రికలో ఆ ఒక్క ముక్కా లేదు. కార్మికుల కష్టం మీద విమర్శను సహించారు. లెక్కల చిట్టా మాత్రం రాజ్య రహస్యం.

ఆ రహస్యాన్ని కాపాడే ఏర్పాట్లు గట్టిగానే ఉండేవి. వేట పడవలు తమ సమాచారం సంకేత భాషలో పంపుకునేవి. ప్రతి యాత్రలో రహస్య పోలీసుల మనిషి ఉండేవాడు. శాస్త్రవేత్తల నివేదికల మీద రహస్యమని ముద్ర పడేది. ఇక తనిఖీ అధికారులు? ఉన్నారు, ఒప్పందం చెప్పినట్టే ఉన్నారు. వాళ్లకు కూడా లక్ష్యం దాటితే వచ్చే బోనసులో వాటా ఉండేది. కంచే చేను మేయడమంటే ఇదే.

మన పడమటి సముద్రంలో

ఈ కథలో మనకు దగ్గరి ఘట్టం ఒకటుంది. దక్షిణ సముద్రాలు వట్టిపోతుంటే సోవియట్ నౌకలు ఒడెస్సా నుంచి వెళ్లే దారిలోనే, అంటే సూయజ్ కాలువ దాటి అరేబియా సముద్రంలోకి రాగానే వేట మొదలుపెట్టాయి. 1966 నవంబరులో ఒమన్, పాకిస్తాన్, భారత వాయవ్య తీరాలకు ఎదురుగా ఉన్న నీళ్లలో 240 దాకా హంప్‌బ్యాక్‌లను చంపాయి. అప్పటికి మూడేళ్ల ముందే దక్షిణాన హంప్‌బ్యాక్‌ల వేట పూర్తిగా నిషేధం. ఈ నీళ్లలో ఫ్యాక్టరీ ఓడ బలీన్ తిమింగలాలను వేటాడడానికి అసలు అనుమతే లేదు.

ఆ హంప్‌బ్యాక్‌ల ప్రత్యేకత అప్పటికి ఎవరికీ సరిగా తెలియదు. లోకంలోని హంప్‌బ్యాక్‌లన్నీ మేతకు ధ్రువాల వైపు, కాన్పుకు వెచ్చని నీళ్లకు వలస పోతాయి. అరేబియా సముద్రంలోవి మాత్రం ఏడాది పొడవునా ఇక్కడే ఉంటాయి. రుతుపవనాలు ఒమన్ తీరంలో లోతు నీళ్లను పైకి తోడి మేత పుట్టిస్తాయి కాబట్టి వాటికి వలస అక్కర్లేదు. వేరే గుంపులతో కలవని చిన్న సమూహం. అందులోంచి కొన్ని వారాల్లో 240 పోయాయి. ఇప్పుడు ఒమన్ తీరంలో వాటి సంఖ్య వందకు లోపేనని అంచనా. మన తీరానికి అంత దగ్గరగా జరిగినా మన దేశంలో ఎవరికీ తెలియలేదు. భారతదేశం అంతర్జాతీయ తిమింగలాల వేట సంఘంలో చేరింది 1981లో. ఈ వేట వివరాలు బయటికొచ్చింది 1990లలో, ఆ రోజుల్లో ఆ ఓడల లెక్కలతో పరిచయమున్న ఒడెస్సా శాస్త్రవేత్త యూరీ మిఖలేవ్ రాసినప్పుడు.

పరాయి మనిషి డెక్కెక్కడానికి పదిహేడేళ్లు

తనిఖీలో సందు ఎక్కడుందో తెలియక కాదు. ఒకరి ఓడ మీద ఇంకొకరి దేశపు పరిశీలకుడు ఉండాలన్న సూచన నార్వే 1950ల నడుమే తెచ్చింది. ఒనాసిస్ గొడవ తాజాగా ఉంది కనుక అందరూ తలలూపారు. 1956 నవంబరులో ఒప్పందాన్ని సవరించి, తనిఖీ పద్ధతులను కూడా సంఘం నిర్ణయించవచ్చని చేర్చారు. ఇక అమలే తరువాయి.

అక్కడినుంచి బేరాలు మొదలయ్యాయి. ముందు ఎవరి వాటా ఎంతో తేల్చండి, పరిశీలకుల సంగతి తర్వాత అన్నారు. వాటాల దగ్గర నార్వే, నెదర్లాండ్స్ అలిగి 1959లో సంఘం నుంచే వెళ్లిపోయాయి. తర్వాత తిరిగొచ్చాయి. 1962లో ఎట్టకేలకు పంపకం కుదిరింది. జపాన్‌కు 33 శాతం, నార్వేకు 32, సోవియట్‌కు 20, బ్రిటన్‌కు 9, నెదర్లాండ్స్‌కు 6. మరుసటి ఏడాది లండన్‌లో ఈ ఐదు దేశాలూ పరిశీలకుల ఒడంబడిక మీద సంతకాలు చేశాయి. ఆ సంతకాలు కాగితం మీదే ఉండిపోయాయి. ఈలోగా వేట గిట్టుబాటు కాక బ్రిటన్, నెదర్లాండ్స్, ఆ వెనకే నార్వే అంటార్కిటికా వదిలేశాయి. బరిలో జపాన్, సోవియట్ యూనియన్ మిగిలాయి.

పరిశీలకుల పద్ధతి నిజంగా అమల్లోకి వచ్చింది 1972లో. సోవియట్ ఓడ మీద జపాన్ మనిషి, జపాన్ ఓడ మీద సోవియట్ మనిషి. అదీ లోపాలు లేనిదేం కాదు. ఇద్దరూ వేటగాళ్లే. ఒకరి తప్పు ఒకరు చూసీ చూడనట్టు ఊరుకున్న సందర్భాలు ఉత్తర పసిఫిక్‌లో ఉన్నాయి. జపాన్ తీర కేంద్రాల్లోనూ స్పెర్మ్ తిమింగలాల లెక్కలు తారుమారయ్యాయని అక్కడి పాత ఉద్యోగులే తర్వాత ఒప్పుకున్నారు. అయినా 1972 తర్వాత అంటార్కిటికాలో సోవియట్ల దొంగ వేట ఒక్కసారిగా పడిపోయింది. శిక్ష పెరగలేదు, ఎవరి మనసూ మారలేదు. డెక్కు మీద జీతం వేరేచోట తీసుకునే ఒక మనిషి నిలబడ్డాడు, అంతే. 1955లో ఆ మనిషి ఎక్కి ఉంటే 1959–61 నాటి 25 వేల హంప్‌బ్యాక్‌లను దాచడం అసాధ్యమయ్యేది.

బంగాళాదుంపల కొట్టులో కార్డులు

మాస్కోలోని అసలు చిట్టాలు చాలావరకు నాశనమయ్యాయి. కొన్ని మిగలడానికి కారణం కొందరు శాస్త్రవేత్తల మొండితనం. ‘యూరీ దొల్గొరూకీ’ యాత్రల్లో పనిచేసిన ద్మీత్రీ తొర్మొసోవ్, డెక్కు మీద నింపిన కార్డులను పారేయమన్నా పారేయలేదు. పదుల వేల తిమింగలాల వివరాలున్న ఆ కార్డులను తన ఇంటి బంగాళాదుంపల కొట్టులో దాచాడు. దూరప్రాచ్యంలో అల్ఫ్రెద్ బెర్జిన్ తన జ్ఞాపకాలను రాసి ఉంచుకున్నాడు. ఆ పుస్తకం ఇంగ్లిషులో వెలువడింది 2008లో, ఆయన చనిపోయాక. వీళ్లలో ఎవరూ ఆ రోజుల్లో గొంతెత్తలేదు. ఎత్తితే ఏమయ్యేదో వాళ్లకు తెలుసు. కానీ ఎప్పటికైనా ఎవరో ఒకరు అడుగుతారన్న నమ్మకంతో కాగితం కాపాడారు.

1991లో సోవియట్ యూనియన్ కూలింది. ఆ తర్వాత రెండేళ్లకు, 1993 నవంబరులో, అమెరికాలోని గాల్వెస్టన్‌లో సముద్ర క్షీరదాల శాస్త్రవేత్తలు సమావేశమయ్యారు. రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్‌కు పర్యావరణ సలహాదారైన అలెక్సీ యాబ్లొకోవ్ ప్రసంగించడానికి లేచాడు. ఆయనే స్వయంగా తిమింగలాల శాస్త్రవేత్త. మా దేశం నలభై ఏళ్లుగా మీకిచ్చిన లెక్కలు అబద్ధాలని ఆ సభలోనే చెప్పేశాడు. మరుసటి ఏడాది ‘నేచర్’ పత్రికలో అది అచ్చయింది.

తర్వాతి ఇరవై ఏళ్లు తొర్మొసోవ్, మిఖలేవ్‌లాంటి వాళ్లూ, అమెరికాలో స్థిరపడ్డ రష్యన్ శాస్త్రవేత్త యూలియా ఇవాషెంకో, ఫిలిప్ క్లాపం, రాబర్ట్ బ్రౌనెల్ వంటి వాళ్లూ కలిసి నిజమైన లెక్కను మళ్లీ కట్టారు. యుద్ధం తర్వాత సోవియట్ నౌకలు ప్రపంచమంతటా చంపిన తిమింగలాలు 5 లక్షల 34 వేల పైచిలుకు. అందులో చెప్పకుండా దాచినవి దాదాపు 1 లక్షా 79 వేలు. 1935 నుంచీ ఎవరూ ముట్టకూడని రైట్ తిమింగలాలను దక్షిణార్ధ గోళంలో మూడు వేలకు పైగా చంపి, నాలుగే చంపామని చెప్పారు. అలాస్కా వైపు రైట్ తిమింగలాలు 1960లలో జరిగిన ఆ దొంగ వేట నుంచి కోలుకోనేలేదు. ఉత్తర పసిఫిక్ తూర్పు భాగంలో ఇప్పుడు మిగిలినవి ముప్ఫై దాకా ఉంటాయని అంచనా. ఆస్ట్రేలియా తూర్పు తీరంలో కొన్ని వందలకు పడిపోయిన హంప్‌బ్యాక్‌లు మాత్రం మళ్లీ వేలల్లోకి పెరిగాయి. టాంగలూమా ఇప్పుడు పర్యాటక కేంద్రం.

వాణిజ్య వేటను ఆపేయాలని అంతర్జాతీయ సంఘం 1982లో తీర్మానించింది. 1985–86 సీజన్ నుంచి అది అమల్లోకి వచ్చింది. దాని మీద జపాన్, నార్వే, ఐస్‌లాండ్‌లతో నడిచిన, ఇంకా నడుస్తున్న తగువు వేరే కథ. సోవియట్ చిట్టా బయటపడ్డాక ఆ చర్చల తీరు మారిపోయింది. మళ్లీ ఎప్పుడైనా వేటకు అనుమతిస్తే పరాయి దేశపు పరిశీలకులుండాలా, ప్రతి తిమింగలం డీఎన్ఏ నమూనా నమోదు చేయాలా, ఓడ ఎక్కడుందో ఉపగ్రహం చెప్పాలా అన్నవే ముఖ్యమైన ప్రశ్నలయ్యాయి. ఎన్ని కొట్టవచ్చు అన్నది వాటి తర్వాతే.

వచ్చే భాగంలో

సోవియట్ నౌకలు అరేబియా సముద్రంలో వేటాడి వెళ్లిన మరుసటి ఏడాది, 1967 నవంబరు 1న, ఐక్యరాజ్యసమితిలో మాల్టా రాయబారి అర్విద్ పార్దో గంటల తరబడి ప్రసంగించాడు. ఈసారి విషయం నీళ్ల మీదిది కాదు, అడుగునున్నది. సముద్రపు నేల మీద పరుచుకున్న మాంగనీసు, నికెల్, రాగి ఉండల సంపద ఎవరిది? ఏ దేశానిదీ కాదు, మానవజాతి ఉమ్మడి వారసత్వం అన్నాడాయన. 1974లో పసిఫిక్ నడుమకు ‘గ్లోమర్ ఎక్స్‌ప్లోరర్’ అనే వింత ఓడ బయల్దేరింది. ఆ ఉండల కోసమే వెళుతోందని కోటీశ్వరుడు హోవర్డ్ హ్యూస్ పేరున ప్రకటనలు వెలువడ్డాయి. నిజానికి దాన్ని పంపింది అమెరికా గూఢచారి సంస్థ, వెతికింది మునిగిన సోవియట్ జలాంతర్గామిని. ఆ బూటకాన్ని నమ్మి కొన్ని కంపెనీలు నిజంగానే సముద్రపు గనుల మీద డబ్బు పెట్టాయి. ఆ ఉండలకు ఒక పాలక సంస్థ కావాలన్న తగువు ముదిరి 1982 సముద్ర చట్టం దాకా, జమైకాలోని కింగ్‌స్టన్ దాకా ఎలా వెళ్లిందో, 1987లో మధ్య హిందూ మహాసముద్రంలో భారతదేశం తన వాటా ఎలా నమోదు చేయించుకుందో, తిమింగలాల డెక్కు మీద నేర్చుకున్న పాఠం అక్కడ ఎంతవరకు అక్కరకొచ్చిందో వచ్చే భాగంలో చూద్దాం.